బడి కమిటీకి ఎవరిని ఎన్నుకుందాం?



బడి కమిటీ ఎన్నికలొస్తే ముగ్గురు కలిసి జట్టుగా ఇంటింటికీ వస్తారు. "మా ముగ్గురినీ గెలిపించండి" అంటారు. వెంటనే తల ఊపకండి. కూర్చోబెట్టి మాట్లాడండి.

ఈ కమిటీ ఎలా వచ్చింది? 2009లో విద్యా హక్కు చట్టం చేశారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆ చట్టం ప్రకారం కమిటీలో ప్రతి నలుగురిలో ముగ్గురు పిల్లల తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మన ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో తరగతికి ముగ్గురు తల్లిదండ్రులను ఎన్నుకుంటారు. వారిలో ఇద్దరు ఆడవాళ్లు. 2024 ఆగస్టులో ఈ ఎన్నికలు జరిగాయి.

కమిటీ పని ఏమిటి? బడి సరిగా నడుస్తోందా అని చూడాలి. బడికి వచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చూడాలి. బడికి ఏం కావాలో ప్రణాళిక రాయాలి.

అందుకే అడగండి. "మీటింగుకు నువ్వే వస్తావా అక్కా, మీ ఆయన్ని పంపుతావా? పిల్లల అన్నం, పప్పు రుచి చూస్తావా? డబ్బు లెక్క మాకు చదివి వినిపిస్తావా?"

జట్టుగా వచ్చారని ముగ్గురినీ ఒప్పుకోనక్కర్లేదు. ఒక్కొక్కరినీ విడిగా చూడండి. ఆడమనిషి పేరు రాసి మగమనిషి పెత్తనం చేస్తే, మనకిచ్చిన సగం వాటా ఉత్తదే.

అసలు మీరే ఎందుకు నిలబడకూడదు? ఇప్పుడు మీకు చదవడం వచ్చు. తీర్మానాల పుస్తకం ముందు పెడితే చదవండి. అర్థం కాకపోతే అడగండి. ఆ తర్వాతే సంతకం పెట్టండి.