శ్రవణ భక్తి – నేటి సాధనాలు

 

ప్రహ్లాదుడు తండ్రికి విన్నవించిన నవవిధ భక్తులలో శ్రవణం మొదటిది. కీర్తనమైనా, స్మరణమైనా దాని తరువాతనే. చెవిలో పడినదే మనస్సులో నాటుకొంటుంది. అందువలననే మన పూర్వులు ఏమి వినాలి అన్నదానితోబాటు ఎవరి నోట వినాలి అన్నది కూడ విచారించారు. పరీక్షిత్తుకు గడువు ఏడు దినములే. అయినా శుకమహర్షి వంటి వక్త లభించాడు. నేడు మన చెవికి ఏది చేరాలో నిర్ణయిస్తున్నవారెవరు? పురాణ కాలక్షేపంలో ఈ ప్రస్తావన ఎందుకని కొందరికి తోచవచ్చును. శ్రవణాన్ని గురించి చెప్పవలసినవాడు దీనిని దాటిపోలేడు.

వాట్సాప్, ఫేస్‌బుక్, యూట్యూబ్ అని మూడు పేర్లు వింటున్నాము. యజమానులు ఇద్దరే. యూట్యూబును 2006లో గూగుల్ కొన్నది. వాట్సాప్‌ను 2014లో ఫేస్‌బుక్ కొన్నది. ఆ సాధనాలను నిందించడానికి నేను రాలేదు. అమెరికాలోని మనుమని ముఖం చూచి ఇక్కడ నాయనమ్మ పొంగిపోతున్నది. మంచం దిగలేని వృద్ధుడు తిరుమల వాహనసేవను కన్నులార చూస్తున్నాడు. అది మంచిదే. అయితే మన వద్ద రుసుము తీసుకోని ఆ సంస్థలకు అంత సంపద ఎక్కడిది? అధికభాగం ప్రకటనలవలన. మనం ఎంతసేపు చూస్తే వారికి అంత ఆదాయం. కనుక యూట్యూబులో, ఫేస్‌బుక్‌లో యంత్రం మనం దేనివద్ద ఆగామో, దేనిని దాటిపోయామో లెక్కగట్టి, ఆగినదానివంటిదే మరల వడ్డిస్తుంది. శాంతంగా చెప్పిన మాటవద్ద మనిషి ఆగడు. తగవు వద్ద ఆగుతాడు. మన వీధిలోనైనా అంతే గదా!

పల్నాటివారికి ఇది బోధపడడానికి దూరం పోనక్కరలేదు. మాచర్ల చెన్నకేశవస్వామి భక్తుడైన బ్రహ్మనాయుడు అన్ని కులాలవారిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించాడని మన పెద్దలు చెప్పగా విన్నాము. అందరికీ ఒకే వంట. ఉప్పెక్కువైతే అందరికీ తెలుస్తుంది, ఎవరో ఒకరు అడుగుతారు. ఈ మండపమూ అట్టిదే. నేను తప్పు చెబితే మీలో ఒక పెద్ద లేచి సరిదిద్దగలడు. ఫోనులో అట్లు కాదు. తండ్రికొక వడ్డన, కొడుకుకొక వడ్డన. ఒకరి విస్తరిలో ఏమున్నదో మరొకరికి కానరాదు. ఒకే కప్పు క్రింద ఉన్నవారు ఒకే ఎన్నికను గురించి రెండు లోకాల వార్తలు విని కలహిస్తున్నారు. 2024 మే నెలలో పోలింగు తరువాత మన పల్నాడులో 144వ సెక్షను విధించవలసివచ్చినది. ఆ ఘర్షణలకు ఫోనే మూలమని నేననను; మన కక్షలు దానికంటె పాతవి. కాని ఆరవలసిన నిప్పుకు రాత్రింబవళ్ళు విసనకర్ర దొరికినది.

వాట్సాప్‌లో వడ్డించేది యంత్రం కాదు, మనమే. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వచ్చిన సందేశాలను నమ్మి, తెలుగు నేలమీద ఊళ్ళలో అపరిచితులను కొట్టారు. కొందరి ప్రాణాలు పోయినవి. పంపినవారిలో దుర్మార్గులకంటె తమ పిల్లలను గురించి భయపడిన తల్లిదండ్రులే ఎక్కువమంది అయివుంటారు. కేంద్ర ప్రభుత్వం హెచ్చరించిన పిమ్మట, ఆ ఏడాది జూలైలో, ఒక సందేశాన్ని ఒకేసారి ఐదింటికి మించి పంపకుండ ఆ సంస్థ మన దేశంలో కట్టడి పెట్టినది.

ప్రభుత్వాలు నిలబడితే ఫలితం లేకపోలేదు. కొన్ని సైట్లను మాత్రమే ఉచితంగా చూపిస్తామని ఫేస్‌బుక్ ముందుకు వచ్చినప్పుడు, సైటును బట్టి ధర మార్చరాదని ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న ఉత్తర్వు ఇచ్చినది. ఊరికి ఉచితంగా బాట వేస్తాను, అయితే అది నేను చెప్పిన అంగళ్ళకే పోవాలి అన్నట్లున్న బేరమది. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా వేసినది. అదే గూగుల్ 2025 అక్టోబరులో మన విశాఖపట్నంలో ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టుబడి పెడతానని ప్రకటించినది. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ 2014లో మైక్రోసాఫ్టుకు అధిపతి అయినాడు. మనవారు ఎదిగితే మనకు సంతోషమే. పిల్లలకు ఉద్యోగాలు వస్తాయంటే వద్దనేవారు లేరు. అయితే చేయి చాచి పిలిచినవారు రేపు అదే చేయెత్తి వారించగలరా? ఈ ప్రశ్న ఓటు అడగడానికి వచ్చినవారిని అడగవలసినది మీరే.

ఇక నా పని. ‘పదకొండుమందికి పంపితే శుభం, పంపకుంటే కీడు’ అని దేవుని పటంతో సందేశాలు వస్తున్నాయి. వానిని చూచి జడిసి, నిద్ర మాని పంపిన తల్లులున్నారు. భాగవతంలో అట్టి మాట ఎక్కడా లేదు. రేపటినుండి పురాణం ముగిసిన తరువాత అరగంటసేపు ఇక్కడనే కూర్చుంటాను. ‘పురాణంలో ఉన్నది’ అంటూ వచ్చిన ఏ సందేశమైనా తెచ్చి చూపండి. ఫోను లేనివారు విన్నది చెప్పండి. గ్రంథం తెరచి, ఉన్నదో లేదో అందరి ఎదుట చదువుదాము. ఇప్పుడు హారతికి వేళయినది.