యువతకు దారి చెప్పే పెద్దలు కావాలి

(యువజన అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



చేస్తున్న పనిలో కొనసాగాలా, మానుకోవాలా? పోటీ పరీక్షలకు చదవాలా, గల్ఫ్‌కు వెళ్లాలా? ఈ ప్రశ్నలతో మా వద్దకు వచ్చే పిల్లలు చాలామంది ఉన్నారు. ఈ సందిగ్ధం మాకు కొత్త కాదు. 1980వ దశకంలో మేము జూనియర్ అసిస్టెంటుగా చేరిన రెండవ ఏటనే రాజీనామా పత్రం రాసి జేబులో పెట్టుకున్నాము. జీతం ఇంటి అద్దెకు, చెల్లెళ్ల చదువుకు చాలేది కాదు. గల్ఫ్‌లో స్టోర్‌కీపరు ఉద్యోగమంటూ ఒక ఏజెంటు ఒప్పంద పత్రం చేతిలో పెట్టాడు.

ఆ రెండు కాగితాలనూ మా సూపరింటెండెంటు గారి ముందు ఉంచాము. ఆయన మన మతస్థులు కారు. మమ్మల్ని ఆప్యాయంగా "సాయిబూ" అని పిలిచేవారు.

"సాయిబూ, ఈ ఒప్పందం చదివావా?" అన్నారు. అరబ్బీలో ఉంది, చదవలేదన్నాము.

"పోనీ, నీ సర్వీసు రిజిస్టరు ఎప్పుడైనా చదివావా?" అదీ లేదన్నాము.

"రెండూ చదవకుండానే ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకుంటానంటున్నావు. చదివి రా. అప్పటికీ వెళ్తానంటే నీ రాజీనామా నేనే పైకి పంపుతాను" అన్నారు.

ఒప్పందాన్ని మసీదులో మౌల్వీ సాబ్ చదివి చెప్పారు. అందులో స్టోర్‌కీపరు అన్న మాటే లేదు, సరుకులు మోసే కూలీ అని ఉంది. ఇక సర్వీసు రిజిస్టరు తెరిస్తే, మాకు రావలసిన ఇంక్రిమెంటు నమోదే కాలేదు. డిపార్టుమెంటల్ పరీక్షలు పాసైతేనే పదోన్నతి అని, వాటిని పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఏటా రెండుమార్లు నిర్వహిస్తుందని కూడా అప్పుడే తెలిసింది. సూపరింటెండెంటు గారు సాయంత్రాలు కూర్చోబెట్టి అకౌంట్సు పరీక్షకు చదివించారు. మూడవ ప్రయత్నంలో పాసయ్యాము.

గల్ఫ్‌కు వెళ్లిన వారందరూ మోసపోయారని మేము అనడం లేదు. మా బాల్యమిత్రుడు అక్కడి సంపాదనతోనే ముగ్గురు చెల్లెళ్ల నికాహ్ జరిపించాడు. అతడు తన ఒప్పందాన్ని చదివించుకుని వెళ్లాడు. ఉండటమా, వెళ్లడమా అన్నది ఎవరికి వారు నిర్ణయించుకోవలసినదే. తెలిసి నిర్ణయించుకోవాలన్నదే మా మనవి.

అయితే తెలియజెప్పేవారేరీ? 2001 జనగణన ప్రకారం దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతం. ఐఏఎస్‌లో మన వాటా 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం మాత్రమేనని 2006లో సచార్ కమిటీ తేల్చింది. ఈ అంకెలను మనం పోయిన ఉద్యోగాల లెక్కగానే చూస్తున్నాము. వాటితోపాటు ఇంకొకటి కూడా పోయింది. తండ్రి మెకానిక్కు, అన్న పండ్ల వ్యాపారి అయిన ఇంట్లో మొదటిసారి ఉద్యోగానికి ప్రయత్నించే పిల్లవాడికి నియమం ఇదీ అని చెప్పే మనిషి లేకుండా పోయాడు.

2007 చట్టం వెనుకబడిన 14 ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద విద్య, ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. కోర్టుల్లో ఎంతో పోరాడి నిలుపుకుంటున్న ఈ హక్కు ఒక్కొక్కసారి కాగితం దగ్గరే చేజారుతోంది.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మేము సర్వీసులో ఉండగా ఒక యువకుడు కాగితాలు పట్టుకుని మా సీటు వద్దకు వచ్చాడు. పదవ తరగతి మెమోలో అతని పేరు ముందు షేక్ అని లేదు, కుల ధ్రువపత్రంలో ఉంది. ఏం చేయాలని అడిగాడు. ఆనాడు పని ఒత్తిడిలో ఉండి "రేపు రా బాబూ" అన్నాము. అతడు రాలేదు. ధ్రువపత్రాల పరిశీలనలో అతని ఎంపిక ఆగిపోయిందని నెలల తరువాత తెలిసింది. మాకు దొరికిన సూపరింటెండెంటు గారు అతనికి దొరకలేదు. ఆ స్థానంలో కూర్చుని ఉన్నది మేమే.

కనుక పదవీ విరమణ చేసిన సోదరులారా, మనకు తెలిసిన నియమాలను మనతోనే పోనివ్వకండి. పిల్లలారా, మీ పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ అన్ని పత్రాలలో ఒకే విధంగా ఉన్నాయేమో ఈ రాత్రే సరిచూసుకోండి. రాష్ట్ర బీసీ జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. మీ వర్గం దేనిలో ఉందో తెలుసుకోకుండా దరఖాస్తు నింపకండి. ఏ రిజర్వేషన్ జాబితాలోనూ లేనివారు 2019 నుండి అమలులో ఉన్న ఈడబ్ల్యూఎస్ కోటాకు అర్హులవుతారేమో విచారించండి.

వచ్చే జుమా నుండి నమాజు అనంతరం రెండు గంటలపాటు మేము ఈ షాదీఖానాలోనే కూర్చుంటాము. పదవ తరగతి మెమో, ఆధార్, కుల ధ్రువపత్రం వెంట తెచ్చుకోండి. ఉద్యోగంలో ఉన్నవారు సర్వీసు కాగితాలు, విదేశాలకు వెళ్లదలచినవారు ఒప్పంద పత్రాలు తీసుకురండి. కలిసి చదువుదాము. ఆ తరువాత నిర్ణయం మీది.

ఖుదా హాఫిజ్.