స్ఫురణయు నిరూపణయు

చిన్ననాడు మేమొక లెక్కకు దారి వ్రాయక జవాబు మాత్రము వ్రాసితిమి. జవాబు సరియైనదే, ఉపాధ్యాయులు సున్న వేసిరి. ‘తోచినది’ అన్న మా సమాధానము వారికి రుచింపలేదు. గణితమున ‘తోచుట’కు తావు కలదా? నేటి మా ప్రసంగమునకు విషయమిదియే.

నాలుగు చింతపిక్కలు తీసికొని కుప్పలుగా పెట్టి చూడుడు. నాలుగును ఒకే కుప్ప, మూడును ఒకటియు, రెండును రెండును, రెండును, ఒకటియు, ఒకటియు, అన్నియు విడివిడిగా. మొత్తము 5 విధములు. పిక్కలు 9 అయినచో 30 విధములు. 100 అయినచో పందొమ్మిది కోట్లకు పైబడును!

ఇంగ్లండులో మేజర్ మక్‌మహన్ ఈ లెక్కలను 200 వరకు కట్టి పట్టికగా కూర్చిరి. శ్రీనివాస రామానుజన్ దానిని పరికించిరి. 4కు 5, 9కి 30, 14కు 135, 19కి 490. పిక్కల సంఖ్య తుదియంకె 4 గాని 9 గాని అయినపుడెల్ల ఫలితము 5చే భాగింపబడుచున్నది! అంకెలు అందరికిని కనబడునవే; అందలి క్రమము వారికి తోచినది. తోచినంతనే వారు తృప్తి చెందలేదు. ఎంత పెద్ద సంఖ్యకైనను ఇది నిజమని 1919లో ప్రకటించిన వ్యాసమున నిరూపించిరి.

వారి ఊహ ఇంకను ముందునకు సాగి, 5, 7, 11 అను సంఖ్యల ఘాతములకెల్ల వర్తించు నియమమొకటి సూచించినది. దాని ప్రకారము 243 పిక్కల ఫలితము 343చే, అనగా 7 యొక్క ఘనముచే భాగింపబడవలెను. రామానుజన్ 1920లో దివంగతులైరి. తరువాత హంసరాజ్ గుప్తా పట్టికను 300 వరకు పొడిగించిరి. నాడు వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితాచార్యులైన సర్వదమన్ చావ్లా ఆ పట్టికను చూచి, 243కు వచ్చిన పదునైదంకెల ఫలితము 49చే భాగింపబడునే గాని 343చే భాగింపబడదని 1934లో తెలిపిరి. మహామేధావి స్ఫురణయు ఒకచోట తప్పినది!

అంతమాత్రమున అది వ్యర్థమయ్యెనా? లేదు. 5 విషయమున రామానుజన్ మాట నిజమనియు, 7 విషయమున కొంత సవరింపవలెననియు 1938లో వాట్సన్ నిరూపించిరి. 11 విషయమునను అది నిజమని 1967లో అట్కిన్ చూపిరి. వెదకవలసిన చోటును స్ఫురణ చూపినది. దొరకినది నిజమో కాదో నిరూపణ తేల్చినది.

మా ఉపాధ్యాయులు దారి అడుగుట న్యాయమే. సున్న వేయుట మాత్రము న్యాయము కాదని నేటికిని మా తలంపు. మీ యింటి బిడ్డ దారి చూపక జవాబు చెప్పినచో కోపింపకుడు. ‘ఎట్లు తోచినది?’ అని ముందుగా అడుగుడు. పిమ్మట, ‘ఏదీ, సరియేనని చూపుము’ అనుడు. ఆ రెండు ప్రశ్నలును బిడ్డకు అవసరమే.