వేగువాని కడపటి ప్రయాణము

(పఠనమందిరమున గావింపబడిన యుపన్యాసము)



రాజులకు వేగువారే కన్నులని మన పెద్దలు చెప్పిరి. ఆ కన్నులకే పొర గమ్మినచో నేమగునో తెలిసికొనుట నేటి మన ప్రసంగ విషయము. వేగువారి కథలనిన నవలలు చదువువారికి మిక్కిలి ప్రీతి. మాఱువేషములు, రహస్యలిపులు, అర్ధరాత్ర ప్రయాణములు చదువరుల మనస్సుల నాకర్షించుట సహజమే. కాని మేము మీ యెదుట నుంచదలచినది కల్పితగాథ గాదు. కొలువు విడిచి వ్యాపారమున బడి యేబది యేండ్లు దాటిన యొక ప్రసిద్ధ గూఢచారి, పాత పని మరల బిలువగా లేచిపోయి, సరిహద్దు దాటిన నలువదియొక్క దినములకు ప్రాణములు గోల్పోయిన యథార్థ వృత్తాంతము. పరుల మోసగించుటయే వృత్తిగా గలవాడు తానెట్లు మోసపోయెను? ఈ ప్రశ్నకు సమాధానము వేగువారికే గాక, దినదినము వార్తలు చదివి నమ్ముచుండు మనకును గావలసియున్నది.

ఆతని పేరు సిడ్నీ రైలీ. రుష్యా సామ్రాజ్యమున నొక యూదు కుటుంబమున బుట్టినవాడు, పుట్టుపేరు రోజెన్‌బ్లూము. తన పుట్టుకను గూర్చి పలువురకు పలు విధముల జెప్పుట యాతని యలవాటు. ఇంగ్లండు చేరి, పేరు మార్చుకొని, వర్తకుడై, మొదటి మహాయుద్ధ కాలమున బ్రిటిషు గూఢచార శాఖలో బ్రవేశించెను. 1918 వసంతమున నా శాఖ యాతనిని రుష్యాకు బంపెను. లెనిను పక్షమువారు అధికారమునకు వచ్చి యప్పటికి గొన్ని నెలలే యయ్యెను. రైలీ మాస్కోలో నొక పేరుతోడను, పెట్రోగ్రాడులో వేఱొక పేరుతోడను సంచరించుచు, బోల్షెవిక్కులకు గావలి కాయుచుండిన లాట్వియా సైనికులను ధనముచే లోగొని, లెనినును ట్రాట్‌స్కీని బట్టి ప్రభుత్వమును గూలద్రోయ నెత్తు వేసెను. బెర్జిను అను లాట్వియా సేనాని చేతికి 12 లక్షల రూబుళ్లు ముట్టెను. ముట్టిన సొమ్మును ముట్టినట్లే బెర్జిను తీసికొనిపోయి, చేకా యను బోల్షెవిక్కు రహస్య పోలీసువారి కప్పగించెను. ఏలనన నాతడు వారి పనుపుననే రైలీతో జెలిమి చేసియుండెను.

1918 ఆగస్టు 30వ తేదీన లెనినుపై గాల్పులు జరిగెను. వెంటనే పట్టివేతలు ప్రారంభమయ్యెను. రైలీ దొంగ పత్రములతో దప్పించుకొని ఇంగ్లండు చేరెను. ఆ డిసెంబరులో మాస్కో న్యాయస్థానము ఆతని పరోక్షమున మరణదండన విధించెను. మఱుసటి యేడు బ్రిటిషు ప్రభుత్వము మిలిటరీ క్రాసు పతకము నిచ్చెను. ఒక రాజ్యమున బతకము, వేఱొక రాజ్యమున మరణశాసనము: ఒకే పనికి రెండు జీతములు. శత్రువు తన మనుష్యునే యసంతృప్తునిగా వేషము గట్టించి రైలీ యెదుట నిలిపెను, రైలీ నమ్మెను. ఈ సంగతిని మీరు మఱువకుడు. ఇదియే వల మరల విస్తరింపబడుట మీరు చూడగలరు.

యుద్ధము ముగిసెను. 1921లో బ్రిటిషు ప్రభుత్వము బోల్షెవిక్కులతో వర్తకపుటొడంబడిక చేసికొనెను. నిన్నటి వైరి నేటి బేరగాడైనపుడు నిన్నటి వేగువానితో పని యేమి? శాఖవారు రైలీని దూరముగ నుంచిరి. ఆతడు లండను, పారిసు, న్యూయార్కు నగరముల మధ్య వ్యాపారములు సాగించెను. లాభములకంటె అప్పులే యెక్కువయ్యెను. కాని బోల్షెవిక్కులను గూల్పవలెనను పట్టుదల మాత్ర మాతని విడువలేదు. ప్రవాసియగు సవింకోవ్ అను రుష్యా విప్లవవాదిని నాయకునిగ నెంచి, యాతనికై చేతిలోని ధనమును వ్యయము చేసెను. 1924 ఆగస్టులో సవింకోవ్, లోపల దనకొఱకు గొప్ప రహస్యసంఘము వేచియున్నదను మాట నమ్మి రుష్యాలోనికి బోయి మిన్‌స్కులో బట్టువడెను. ఆ సంఘమును బోల్షెవిక్కు పోలీసువారే సృష్టించి యుండిరి. 1925 మే 7వ తేదీన నాతడు లుబ్యాంకా చెఱసాల కిటికీనుండి పడి మరణించెను. మిత్రుడు పోయిన త్రోవ రైలీ కన్నులార చూచెను. అయిదు నెలలు తిరిగి రాకముందే తానును నదే త్రోవ బట్టెను!

ఆ వల యెట్లల్లబడెనో వినుడు. అలెగ్జాండరు యాకుషెవ్ అనువాడు జారు చక్రవర్తి కాలమున జలమార్గముల శాఖలో బెద్ద యుద్యోగి, మనసున రాజభక్తుడు. 1921లో పనిమీద విదేశమునకు బోయి, మాస్కోలో రాజపక్షమువారు గుట్టుగ గూడుచున్నారని పరిచితు డొకనితో నోరు జాఱెను. ఆ మాట చేకావారి చెవి బడెను. పట్టువడిన యాకుషెవ్ చెఱలో వారి పని చేయుట కొప్పుకొనెను. అంత నా పోలీసువారు చేసిన పని యేమి? రహస్యసంఘమును రూపుమాపలేదు, నీరు పోసి పెంచిరి! ట్రస్టు అను వర్తకపు బేరు దానికి ముసుగు. యాకుషెవ్ ఐరోపాలోని ప్రవాసుల కడ కేగి, బోల్షెవిక్కు రాజ్యము లోలోపల బుచ్చిపోయినదనియు, సేనలోను కచేరీలలోను తమవారు నిండియున్నారనియు, తొందరపడి చెడగొట్టక వేచియుండవలెననియు జెప్పుచుండెను. ఈ వేచియుండుడను మాటలోనే కీలకమంతయు నున్నది. ప్రవాసులు చేతులు ముడుచుకొనిరి. పోలెండు, ఎస్టోనియా, ఫిన్లండు సేనాశాఖలవారు ట్రస్టు పంపు సైనిక సమాచారమును గన్నుల కద్దుకొనిరి. అవి మాస్కోలో వండి పంపిన యబద్ధములు.

ఇట్టివారికి మన కౌటిల్యుడు ఉభయవేతనులని పేరిడెను. 1909లో మైసూరున శామశాస్త్రిగారు అర్థశాస్త్రమును ముద్రింపించిన నాటినుండి యీ మాట మన పండితులకు సుపరిచితము. ఇరుప్రక్కల జీతము గొనుచు నొక ప్రక్కకే పని చేయువాడు ఉభయవేతనుడు. ఆలుబిడ్డలను దన యధీనమున నుంచుకొని యట్టివానిని శత్రువు కడకు బంపుమని యా మహానీతిజ్ఞుడు రాజునకు జెప్పెను. ఇరువదవ శతాబ్దపు పోలీసువారు క్రొత్తగ గనిపెట్టినది కొంచెమే.

1925 జనవరిలో న్యూయార్కుననున్న రైలీకి ఎస్టోనియానుండి యొక లేఖ వచ్చెను. వ్రాసినవాడు బాయిసు అను బ్రిటిషు గూఢచారోద్యోగి. 1918లో రుష్యాలో రైలీకి పై యధికారి. పైకి వర్తకపు లేఖవలె గన్పట్టు దానిలో ట్రస్టు ప్రశంస యుండెను. ఉత్తరప్రత్యుత్తరములు నడచెను. సెప్టెంబరులో రైలీ పారిసు చేరి, ప్రవాస సేనాని కుటేపోవుతో మాటలాడి, ఫిన్లండునకు బోయెను. అచట ట్రస్టు ప్రతినిధియై యున్న మరియా జహార్‌చెంకో యను వీరనారి యాతని గలిసికొనెను. ఆమెది నిష్కపట హృదయము; తాను పోలీసుల చేతి బొమ్మనని యామె యెఱుగదు. దీమపు లేడికి దాను దీమమని తెలియకుండుటయే వేటకానికి మేలు.

యాకుషెవ్ తానే వచ్చి, మాస్కోలోని పెద్దలతో రెండు దినములు మాటలాడి మరలవచ్చునని చెప్పెను. సెప్టెంబరు 25వ తేదీ రాత్రి రైలీ సరిహద్దు దాటెను. దాటించినవాడు టోయివో వేహా యను సోవియట్ సరిహద్దు భటుడు. లంచమునకు లోబడినవాడని ఫిన్లండువారు వానిని నమ్మిరి. వాడును బోలీసుల మనిషియే. 27వ తేదీన మాస్కో చేరువ మలహోవ్కాలో ట్రస్టు పెద్దల సభ జరిగెను. ధనము లేదని వారు వాపోగా, చిత్రశాలలలోని యమూల్య చిత్తరువులను దొంగిలించి విదేశములలో నమ్ముడని రైలీ యుపాయము చెప్పినట్లు యాకుషెవ్ నివేదిక వలన దెలియుచున్నది. ఆ సాయంకాలము, తాను మాస్కోలో నుంటినని బాయిసు నమ్ముట కొక కార్డు వ్రాసి తపాలాలో వేసెను. పిమ్మట కారు రైలుబండి స్టేషనునకు గాక లుబ్యాంకాకు జేరెను.

అంతటితో నాటకము ముగియలేదు. రైలీ మాయమైనచో ట్రస్టుపై ననుమానము గలుగును గదా! కావున 28వ తేదీ రాత్రి సరిహద్దున నలకుల్ గ్రామము కడ బోలీసువారు తుపాకులు పేల్చి, కేకలు వేసి, వేహాను బందీవలె గొనిపోయి, ఫిన్లండువారు చూచి నమ్మునట్లు బొంకుపోరు నడపిరి. వేహా తరువాత పెట్రోవ్ అను క్రొత్త పేరుతో బ్రదికెను. రైలీ భార్య ఆ డిసెంబరులో లండను టైమ్సు పత్రికలో భర్త అలకుల్ కడ హతుడయ్యెనని మరణవార్త ప్రకటించెను. అప్పటికి రైలీ చెఱసాలలో విచారణల కులోనై, సిగరెట్టు కాగితములపై నెవరికిని దెలియకుండ దినచర్య వ్రాసికొని, చివరకు నవంబరు 5వ తేదీ రాత్రి మాస్కో శివారు వనమున దుపాకికి బలియై యుండెను. 1991లో సోవియట్ రాజ్యము కూలిన పిమ్మటగాని యా చివరి గడియల వివరములు లోకమునకు జక్కగ దెలియలేదు.

సోదరులారా! ఇక మన ప్రశ్నకు వత్తము. రైలీ మూఢుడు గాడు. ఒకసారి బెర్జిను వలన మోసపోయినవాడు. సవింకోవు గతి యెఱిగినవాడు. అట్టివాడు పరీక్షింపక నమ్మెనా? పరీక్షించెను. బాయిసు బాగున్నదనెను. కుటేపోవు వారింపలేదు. జహార్‌చెంకో ప్రాణము లొడ్డి నమ్మెను. ఫిన్లండు సేనాధికారులు సరిహద్దు ద్వారమునే చూపిరి. ఇందరొక్కటే మాట చెప్పిన నెవడు నమ్మడు? ఒకరినొక రెఱుగని మువ్వురు చారుల మాట యేకమైననే నమ్మవలెనని కౌటిల్యుడు శాసించెను. ఒకరినొకరెఱుగనివారు – ఈ విశేషణమే యా శాసనమునకు బ్రాణము. రైలీ విన్న నోళ్లు నాలుగు. వాని వెనుకనున్న నోరు మాత్ర మొక్కటే! ఒకే బావి నీటిని నాలుగు కుండలతో దెచ్చి నాలుగు బావుల నీరని రుచి చూపిరి. ముద్రారాక్షసమున రాక్షసమంత్రి చుట్టును జేరిన మిత్రులలో నెందఱు చాణక్యుని చారులో మనకు దెలియును గదా. అచట చాణక్యుడు రాక్షసుని మంత్రిపదవికి గోరి వల పన్నెను. ఇచట మృత్యువునకు గోరి పన్నిరి.

మఱియొక కారణము గలదు. అది రైలీ హృదయముననే యున్నది. ఏండ్లుగ నాతడు వినగోరిన మాటనే ట్రస్టు వినిపించెను: శత్రువు పడిపోవుచున్నాడు, నీ యవసరము కలదు. కొలువు పోయినవానికి, అప్పులలో మునిగినవానికి, నీవు లేక పని జరుగదను మాటకంటె దీయని మాట యేది? శత్రువు కూర్చిన యెర యాతని కోరికయే.

ఆతనిని వినియోగించిన వారిని గూర్చియు నొక్కమాట. రైలీ యీసారి యుద్యోగి కాడు. జీతముల పట్టికలో బేరు లేదు. బ్రదికివచ్చిన సమాచారము శాఖది. చచ్చిన చావు తనది. ఇట్టి బేరము నీతి యగునా యని మీరే యోచింపుడు.

వేటకాండ్ర గతియు జూడుడు. 1927 ఏప్రిలులో ట్రస్టు మనిషి యొపెర్‌పుట్ ఫిన్లండునకు బాఱిపోయి గుట్టంతయు వెల్లడించెను. జహార్‌చెంకో ఆ యేడే రుష్యాలో మరణించెను. కుటేపోవును 1930లో పారిసు వీధినుండి యెత్తుకొనిపోయిరి. ట్రస్టు సూత్రధారి యార్తూజోవును 1937లో దన ప్రభుత్వమే కాల్చి చంపెను. రైలీని విచారించిన స్టిర్నె కదియే గతి యయ్యెను. యాకుషెవ్ అదే యేట నిర్బంధ శిబిరమున మరణించెను. అనుమానమే యాయుధముగ బెరిగిన రాజ్యము తుదకు దన చేతులనే యనుమానించెను. కంచె చేను మేయుట కింతకంటె నిదర్శన మేల?

పఠనమందిరమునకు వచ్చు మనకు గూఢచర్యముతో బనిలేదు గాని విశ్వాసముతో బని గలదు. ట్రస్టుపై సందేహములు పుట్టినపుడు షుల్గిన్ అను ప్రవాస నాయకుని రుష్యా కంతకు రహస్యముగ బిలిపించి, త్రిప్పి, చూపవలసినవి చూపి పంపిరి. ఆతడు మెచ్చుచు మూడు రాజధానులను గూర్చి గ్రంథము వ్రాసెను. ఆ వ్రాతప్రతిని ట్రస్టువారే దిద్దిరి! చదివినవారు కన్నులార చూచి వ్రాసిన మాట యని నమ్మిరి. కావున నొక వార్త పది పత్రికలలో గనబడిన మాత్రమున, నూఱు ఫోనులలో మ్రోగిన మాత్రమున, నది పదిమంది సాక్ష్యము గాదు. మొదట బలికిన నోళ్లెన్ని యని యడుగుడు. మనసునకు మిక్కిలి యింపైన వార్తనే మిక్కిలి నిశితముగ బరీక్షింపుడు. రైలీకి గఱవైనది ధైర్యము గాదు, ఈ యొక్క ప్రశ్న.