కుక్కల చర్మంపై దద్దుర్లు: కారణాలు, చికిత్స



వెంట్రుకలు రాలి, చర్మం ఎర్రబడి, అదేపనిగా గోక్కుంటూ తిరిగే కుక్కలను మన వీధుల్లో తరచూ చూస్తుంటాం. ‘గజ్జి కుక్క’ అంటూ రాళ్లు రువ్వి తరిమేస్తాం. నిజానికి ఆ బాధ చాలావరకు నయమయ్యేదే. అయితే ముందుగా ఒక విషయం తెలుసుకోవాలి. దద్దురు వ్యాధి కాదు, వ్యాధి లక్షణం. జ్వరానికి ఎన్నో కారణాలున్నట్టే దద్దురుకూ ఉంటాయి. కారణాన్ని బట్టే చికిత్స.

మొదటి కారణం పరాన్నజీవులు. సార్కాప్టిస్ అనే అతి సూక్ష్మమైన పురుగు చర్మం పైపొరను తొలిచి గుడ్లు పెడుతుంది. దీనివల్ల వచ్చేదే గజ్జి. చెవుల అంచుల్లో, మోచేతుల దగ్గర, పొట్టమీద విపరీతమైన దురద పుడుతుంది. ఇది ఇతర కుక్కలకూ, మనుషులకూ అంటుకుంటుంది. డెమోడెక్స్ అనే మరో పురుగు వెంట్రుకల కుదుళ్లలో ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లోనూ ఇది కొద్ది సంఖ్యలో ఉంటుంది. రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు విపరీతంగా పెరిగి వెంట్రుకలు రాలుస్తుంది. ఇది మనుషులకు అంటదు.

ఫ్లీ అనే గెంతే పురుగుల లాలాజలం పడని కుక్కలకు తోక మొదట్లో దద్దుర్లు వస్తాయి. తామర బూజు జాతి సూక్ష్మజీవుల వల్ల వస్తుంది. గుండ్రని మచ్చలు ఏర్పడతాయి, పిల్లలకు సులభంగా సోకుతుంది. దుమ్ము, పుప్పొడి, కొన్ని ఆహారాలు పడకపోయినా దురద వస్తుంది. అలాంటి కుక్కలు తరచుగా పాదాలు నాకుతుంటాయి. గోకినచోట బాక్టీరియా చేరితే చీము పొక్కులు లేస్తాయి.

పొట్టమీద దురద లేని ఎర్రని చుక్కలు కనిపించి, గాజుపలకతో నొక్కినా మాయం కాకపోతే అది చర్మం కింద రక్తస్రావం కావచ్చు. పిడుదుల ద్వారా సోకే ఎర్లికియా వ్యాధిలో రక్తంలోని ప్లేట్‌లెట్లు తగ్గి ఇలా జరుగుతుంది. వెంటనే రక్తపరీక్ష చేయించాలి.

పశువైద్యులు చర్మాన్ని బ్లేడుతో మెల్లగా గీకి, ఆ పొట్టును సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తారు. గజ్జి పురుగు ఒక్కోసారి ఈ పరీక్షకు దొరకదు. అప్పుడు లక్షణాలను బట్టి చికిత్స మొదలుపెడతారు. ఫ్లురలానర్, అఫాక్సోలానర్ వంటి మాత్రలను కుక్క బరువును బట్టి ఇస్తారు. ఇంట్లోని కుక్కలన్నింటికీ చికిత్స చేయించి, పడకగుడ్డలను వేడినీటితో ఉతకాలి. తామరకు వారాల తరబడి మందు వాడాలి. దురద తగ్గింది కదా అని మధ్యలో మానకూడదు.

సొంతవైద్యం ప్రమాదకరం. స్టెరాయిడ్ దురదను అణచివేస్తుంది కాని, డెమోడెక్స్ ఉన్న కుక్కలో వ్యాధిని ముదరబెడుతుంది. ఐవర్‌మెక్టిన్ ఎక్కువ మోతాదులో ఇస్తే కోలీ వంటి జాతుల్లో కొన్ని కుక్కలకు ప్రాణాంతకం. అందుకు కారణమైన జన్యులోపాన్ని 2001లో గుర్తించారు. కొందరు వాడేసిన ఇంజన్ ఆయిల్, కిరోసిన్ పూస్తారు. అవి చర్మాన్ని కాలుస్తాయి, కుక్క నాకితే విషమవుతాయి. మన చర్మమంత ఆమ్లగుణం కుక్క చర్మానికి ఉండదు కనుక మన సబ్బులూ దానికి సరిపడవు.

వీధికుక్కను మీరే పట్టుకోవద్దు. పశువైద్యశాలకో, జంతుసంరక్షణ సంస్థకో తెలియజేయండి. వైద్యులు సూచిస్తే ఆహారంలో కలిపి మందు పెట్టవచ్చు. ఒకవేళ కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి.

ఈసారి అలాంటి కుక్క కనబడితే రాయి తీయకండి. దాని దురదకు కారణం ఉంది, ఆ కారణానికి మందూ ఉంది.