2004 కాల్పుల విరమణ: కుదిరిన తీరు, చెదిరిన చోటు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమూ నక్సలైట్ నాయకులూ ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నది 2004 అక్టోబర్‌లో, 15 నుంచి 18 వరకు, హైదరాబాద్‌లోని మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థలో. ప్రభుత్వం తరఫున హోంమంత్రి కె. జానారెడ్డి, నల్గొండ జిల్లా చలకుర్తి శాసనసభ్యుడు. అవతల నల్లమల అడవి నుంచి బయటికొచ్చిన మావోయిస్టు రాష్ట్ర కార్యదర్శి రామకృష్ణ, ఆయన సహచరులు, మరో నక్సలైట్ పార్టీ జనశక్తి ప్రతినిధులు.

ఆ బల్ల వేయడానికి ఏడేళ్లు పట్టింది. విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలో 1997లో ఏర్పడ్డ పౌర స్పందన వేదిక బూటకపు ఎన్‌కౌంటర్లనూ, ఇన్‌ఫార్మర్ల పేరిట దళాలు చేసే హత్యలనూ ఒకే గొంతుతో ఖండించింది. ఏ పక్షానికీ తల వంచలేదు కాబట్టే ఇద్దరూ ఆ మాట విన్నారు. 2002లో రచయిత వరవరరావు, గాయకుడు గద్దర్ పీపుల్స్‌వార్ (తర్వాతి మావోయిస్టు పార్టీ) ప్రతినిధులుగా నడిచిన మాటలు నిలవలేదు. 2004 మేలో ప్రభుత్వం మారింది. జూన్‌లో కాల్పులు ఆగాయి. జూలైలో పీపుల్స్‌వార్‌పై నిషేధం గడువు ముగిశాక ప్రభుత్వం పొడిగించలేదు.

చర్చల్లో భూపంపిణీ పెద్ద ప్రశ్న. దాన్ని తేల్చడం కష్టమే అయినా అసాధ్యం కాదు. భూ సమస్యలపై కోనేరు రంగారావు కమిటీ ఆ కాలంలోనే వచ్చింది. చిక్కుపడ్డది ఆయుధాల దగ్గర. దళాలు తుపాకులతో ఊళ్లలో తిరగరాదని ప్రభుత్వం. రాజకీయ ప్రచారం తమ హక్కని, ఆయుధాలు వదిలేది లేదని మావోయిస్టులు. ఊళ్లో సాయుధ దళం కనబడితే పోలీసులు ఏం చేయాలి, కూంబింగ్ ఎక్కడిదాకా రావచ్చు, ఉల్లంఘన జరిగిందని ఎవరు తేల్చాలి అన్నవాటికి ఇద్దరూ ఒప్పుకున్న రాతపూర్వక నియమావళి లేదు. అసలు లోపం ఇదే. డిసెంబర్ 16న కాల్పుల విరమణ గడువు తీరింది, జనవరిలో ఎన్‌కౌంటర్లు మొదలయ్యాయి, మావోయిస్టులు చర్చల నుంచి తప్పుకున్నారు. 2005 ఆగస్టు 15న మక్తల్ ఎమ్మెల్యే నర్సిరెడ్డిని నారాయణపేటలో కాల్చి చంపారు. రెండు రోజులకు నిషేధం తిరిగొచ్చింది.

అలాంటి నియమావళి ఉన్నచోట కథ వేరు. నాగా సాయుధ సంస్థ ఎన్‌ఎస్‌సీఎన్ (ఐఎం)తో కేంద్రం 1997లో చేసుకున్న కాల్పుల విరమణకు నియమాలున్నాయి, పర్యవేక్షణ బృందం ఉంది. తుది పరిష్కారం ఇంకా రాకున్నా ఆ విరమణ ఏళ్ల తరబడి నిలిచింది. కొలంబియాలో 2016 ఒప్పందం తర్వాత తిరుగుబాటు సంస్థ ఫార్క్ ఆయుధాలను ఐక్యరాజ్యసమితి బృందమే లెక్కగట్టి తీసుకుంది.

జానారెడ్డి జిల్లా నల్గొండకు మరో రకం విరమణ అనుభవమూ ఉంది. 1951 అక్టోబర్‌లో కమ్యూనిస్టు పార్టీ తెలంగాణ సాయుధ పోరాటాన్ని ఒప్పందమేమీ లేకుండానే విరమించింది. కొన్ని నెలలకే రావి నారాయణరెడ్డి నల్గొండ నుంచి భారీ ఆధిక్యంతో లోక్‌సభకు గెలిచారు. విరమించిన వాళ్లకు ఎన్నికల దారి తెరిచి ఉంది.

2025లో మావోయిస్టులు కాల్పుల విరమణ కోరినప్పుడు పరిస్థితి తలకిందులైంది. ముందు ఆయుధాలు దించాలని కేంద్రం పట్టుబట్టింది. మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు అబూజ్‌మడ్ ఎదురుకాల్పుల్లో మరణించారు. అక్టోబర్‌లో అగ్రనేత మల్లోజుల వేణుగోపాల్ సుమారు 60 మందితో గడ్చిరోలిలో లొంగిపోయారు. బలాబలాలు ఇంత తేడాగా ఉన్నప్పుడు బేరసారాలకు మిగిలేది కొద్దే: లొంగిపోయినవారి భద్రత, కేసుల ఎత్తివేత, పునరావాసం, ఆదివాసుల అటవీ పట్టాలు. వీటిలో చివరిది ఏ దళంతోనూ సంతకం అక్కర్లేకుండా ప్రభుత్వమే 2006 అటవీ హక్కుల చట్టం కింద చేయగలిగినది, చేయవలసినది.