గాలిమర వెనుక గాలి

గాలిమర రెక్కలు దాటి అవతలికి పోయిన గాలికి మునుపటి బలం ఉండదు. దాని వేగం తగ్గుతుంది, అందులో సుడులు పుడతాయి, రెక్కలు తిరిగే దిక్కుకు ఎదురు దిక్కున అది మెలితిరుగుతూ సాగుతుంది. ఒంటరిగా నిలిచిన మరకు దీనితో ఇబ్బంది లేదు. పదుల కొద్దీ మరలున్న చోట మాత్రం ముందున్నది వాడి వదిలేసిన గాలే వెనుకదానికి దక్కుతుంది.

తెలంగాణలోని జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం నుంచి కోరుట్ల, సిరిసిల్ల దాకా ఎటు చూసినా ఈ మరలు కనబడవు. రాష్ట్రం మొత్తానికి పవన విద్యుత్ సామర్థ్యం 128 మెగావాట్లే, అందులోనూ ఎక్కువ భాగం వికారాబాద్ జిల్లా పరిగి వైపు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 4,000 మెగావాట్లు దాటింది. రాయలసీమ కొండల మీద నైరుతి రుతుపవనాల కాలంలో గాలి విసురుగా వీస్తుంది. అనంతపురం వైపు రామగిరిలో 1990లలోనే మరలు లేచాయి.

మర కరెంటు తీసేది గాలి వేగాన్ని తగ్గించే. అలాగని వేగమంతా లాగేయడం కుదరదు. గాలి రెక్కల వెనుకే ఆగిపోతే తర్వాత వచ్చే గాలికి చోటుండదు. ఎంతవరకు తీయవచ్చో జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ 1919లో లెక్కగట్టాడు. గాలిలోని శక్తిలో 59.3 శాతం మించి ఏ మరా తీయలేదు. అంత తీసినప్పుడు వెనుక మిగిలే గాలి వేగం మొదటి వేగంలో మూడో వంతు. నెమ్మదించిన గాలికి ఎక్కువ చోటు కావాలి కనుక అది రెక్కలు గీసే చక్రం కంటే వెడల్పుగా విస్తరిస్తుంది.

రెక్కకు ఒక పక్క ఒత్తిడి ఎక్కువ, రెండో పక్క తక్కువ. కొస దగ్గర గాలి ఎక్కువ నుంచి తక్కువ వైపుకు చుట్టుకుపోయి సుడి పుడుతుంది. మూడు రెక్కల కొసల నుంచి మూడు సుడులు, తాడు పేనినట్టు ఒకదాని పక్కన ఒకటి చుట్టలు తిరుగుతూ వెనక్కి పోతాయి. విచిత్రమేమిటంటే, ఈ సుడులు ఉన్నంతసేపు బయటి వేగపు గాలిని లోపలికి రానివ్వవు. చక్రం వ్యాసానికి రెండు నుంచి నాలుగింతల దూరం పోయేసరికి అవి చెదిరిపోతాయి. అక్కడి నుంచే అసలు కలయిక మొదలవుతుంది. పక్కల నుంచీ, పైనుంచీ కొత్త గాలి చొరబడి నెమ్మదించినదాన్ని మళ్లీ లాక్కుపోతుంది. పెద్ద క్షేత్రం నడుమనున్న మరలకు పక్కల నుంచి వచ్చేది తక్కువ, పైనుంచి దిగేదే ఆధారం.

డెన్మార్క్‌లోని రీసో ప్రయోగశాలకు చెందిన ఎన్.ఓ. జెన్సెన్ 1983లో దీనికి ఒక తేలిక సూత్రం ఇచ్చాడు. నేల మీద ఈ గాలి ప్రతి 100 మీటర్లకు ఒక్కో పక్క సుమారు ఏడున్నర మీటర్లు వెడల్పవుతుందని ఆ సూత్రాన్ని వాడేవారి లెక్క. సెకనుకు 8 మీటర్ల గాలి 100 మీటర్ల వ్యాసమున్న చక్రాన్ని దాటితే, అర కిలోమీటరు అవతల దాని వేగం సుమారు ఆరున్నర మీటర్లు, కిలోమీటరు అవతల 7.3 మీటర్లు. తేడా చిన్నదిగానే అనిపిస్తుంది. అయితే కరెంటు గాలి వేగపు ఘనాన్ని బట్టి మారుతుంది. వేగం 18 శాతం తగ్గితే ఉత్పత్తి దాదాపు 45 శాతం పడిపోతుంది.

మర వెనుక గాలి కంటికి కనబడిన సందర్భం ఒకటుంది. డెన్మార్క్ తీరాన ఉత్తర సముద్రంలోని హార్న్స్ రెవ్ 1 క్షేత్రంలో 80 మరలున్నాయి. 2008 ఫిబ్రవరిలో అక్కడ తేమగాలి వల్ల మరల వెనుక పొడవాటి పొగమంచు చారలు ఏర్పడి ఫొటోకు చిక్కాయి. అంతవరకు గణితంలోనే ఉన్నది అందులో బొమ్మ కట్టింది.

మిట్టమధ్యాహ్నం నేల కాగి గాలి పైకీ కిందికీ కలగలుస్తుంది కనుక మర వెనుక మందగమనం త్వరగా సర్దుకుంటుంది. రాత్రి నేల చల్లబడితే ఆ కలయిక తగ్గి అది చాలా దూరం సాగుతుంది. మర వెనుక గాలి తిన్నగా కూడా సాగదు, అటూ ఇటూ ఊగుతుంది. వెనుక మర రెక్కల్లో ఒకటి మంద గాలిలో, ఇంకొకటి వేగపు గాలిలో పడితే కుదుపు ఎక్కువై బేరింగులు, రెక్కలు త్వరగా అలిసిపోతాయి. ఉత్పత్తి నష్టం లెక్కల్లో కనబడుతుంది, ఈ అరుగుదల ఏళ్ల తరువాత మరమ్మతు ఖర్చులో తేలుతుంది.

గాలిమరలు మబ్బుల్ని తరిమేస్తాయని పల్లెల్లో ఒక మాట ఉంది. రెక్కల కొస ఎత్తు రెండు వందల మీటర్లకు అటూ ఇటూ. వానమబ్బులు సాధారణంగా అంతకంటే ఎంతో పైన ఉంటాయి, కనుక ఆ నింద నిలవదు. అమెరికాలోని టెక్సాస్‌లో మాత్రం రాత్రి పూట పై వెచ్చని గాలి కిందికి కలిసి నేల కాస్త వేడెక్కడం ఉపగ్రహ కొలతల్లో తేలింది.

వెనుక మర నష్టానికి మందుగా చేయగలిగింది దూరం పాటించడం. వీచే దిక్కున 7 వ్యాసాలు, అడ్డంగా 5 వ్యాసాల దూరం పాత ఆనవాయితీ. 2016 కేంద్ర మార్గదర్శకాలు ఈ దూరాలను తగ్గించాయి. నేరుగా వెనుకనే, 4 వ్యాసాల దూరంలో ఉన్న మర, జెన్సెన్ లెక్క ప్రకారం, సగం ఉత్పత్తి పోగొట్టుకుంటుంది. ముందు మరను గాలికి కొంచెం పక్కకు తిప్పి దాని వెనుక గాలిని వేరే దారికి మళ్లించే పద్ధతీ ఇప్పుడు వాడుకలోకి వస్తోంది. దానివల్ల ముందుది కొంత నష్టపోయినా మొత్తం మీద లాభం ఉంటుంది.

1990ల నాటి మరల చక్రాలు 30 మీటర్లకు అటూ ఇటూ ఉండేవి, నేటివి 120 మీటర్లు దాటాయి. మరల మధ్య దూరం వ్యాసాల్లో లెక్క కనుక, పాతవి తీసి కొత్తవి పెట్టేవారు పాత పునాదుల వరుసను అలాగే ఉంచుకోలేరు.